పెరటి తోటలో పసుపు సీతాకోకచిలుకలు: వాని వలసను ఫొటో తీయు విధము

వానలు పడి గట్ల మీది తంగేడు చిగిర్చిన కొన్ని వారములకు మన పల్లెలలో ఒక వింత కానవచ్చుచుండును. ప్రొద్దెక్కి ఎండ కాగిన పిమ్మట, లేత పసుపు వన్నె గల సీతాకోకచిలుకలు ఒకదాని వెంట నొకటి పెరటి దడి దాటి, ఇంటి కప్పు మీదుగా ఎగిరి, ఒకే దిక్కునకు సాగిపోవుచుండును. పిల్లలు వానిని వేడుకగా చూచెదరు. పెద్దలలో కొందరు వాన రాకకు గుర్తు అందురు. మరికొందరు రైతులు, ఇవి యే పైరుపై వాలునో, ఏమి తినిపోవునో యని కలత చెందుదురు. 2020వ సంవత్సరమున ఎడారి మిడుతల దండు మహారాష్ట్రము వరకు వచ్చినపుడు తెలంగాణ సరిహద్దు జిల్లాల రైతులను హెచ్చరింపవలసి వచ్చెను. అట్టి వార్తలు విన్నవారికి గుంపుగా సాగు ఏ పురుగును చూచినను శంక కలుగుట సహజమే.

శంక కలిగినపుడు విచారింపక మందు చల్లుట ఒక త్రోవ. చూచి, గుర్తించి, నిర్ణయించుట రెండవ త్రోవ. మొదటి దానికి డబ్బు వ్యయమగును. రెండవ దానికి కొంత ఓపికయు, ఒక సెల్ ఫోనును చాలును. ఇప్పుడు ప్రతి యింటను కెమేరా గల ఫోను ఉన్నది గనుక, ఈ పసుపు ప్రయాణికులను పెరటిలోనే ఫొటో తీసి, వాని సంగతి తెలిసికొనుట మన సభ్యులలో ఎవరికైనను సాధ్యమే. ఆ విధమును ఇచ్చట వివరింతుము.

ఇవి యెవ్వి?

మన ప్రాంతమున పసుపు వన్నె గల సీతాకోకచిలుకలలో తరచుగా కనబడునవి మూడు. మొదటి రెండును పెద్దవి. వీనిని ఆంగ్లమున ‘ఎమిగ్రెంట్లు’, అనగా వలసపోవునవి, అందురు. ఆ పేరే వాని స్వభావమును తెల్పుచున్నది.

మొదటిది కామన్ ఎమిగ్రెంట్. దీని శాస్త్రీయ నామము కేటోప్సిలియా పోమోనా. ఫాబ్రీషియస్ అను పండితుడు 1775లో దీనిని మొదట వర్ణించెను. రెక్కలు విప్పినపుడు దీని వెడల్పు సుమారు 55 మొదలు 80 మిల్లీమీటర్ల వరకు ఉండును. మగదాని రెక్కలు మొదట నిమ్మపండు ఛాయతోను, అంచుల వైపు తెల్లగాను ఉండును. ఆడదానికి అంచుల వెంట నల్లని చారలు కలవు.

రెండవది మాటిల్డ్ ఎమిగ్రెంట్. శాస్త్రీయ నామము కేటోప్సిలియా పైరాంథే. దీనికి 1758లో లిన్నేయస్ పేరు పెట్టెను. పైనుండి చూచిన తెల్లగా కనబడును. వాలి రెక్కలు మూసినపుడు అడుగు భాగమున సన్నని గోధుమరంగు గీతలు చల్లినట్లు కానవచ్చును. ఈ గీతలే దీనిని పోల్చుకొనుటకు ముఖ్యమైన గుర్తు.

మూడవది చిన్నది, గ్రాస్ యెల్లో అందురు. యూరెమా హెకబె దీని శాస్త్రీయ నామము. ముదురు పసుపు రెక్కలకు నల్లని అంచు కలిగి, గడ్డికి దగ్గరగా తడబడునట్లు ఎగురుచుండును. పెద్దవి రెండును మాత్రము ఎత్తున, వేగముగా, సూటిగా సాగును. కావున ఎగురు తీరును బట్టియే చాల వరకు వీనిని వేరుపరుపవచ్చును.

ఎందులకు వలసపోవును?

పక్షులు వలసపోయి, ఋతువు మారిన పిమ్మట ఆ పక్షులే మరల వచ్చును. సీతాకోకచిలుకల వలస సాధారణముగా అట్టిది కాదు. వీని ఆయుష్షు స్వల్పము. పోయినది తిరిగి వచ్చుట అరుదు. దాని సంతతియో, సంతతి యొక్క సంతతియో మరియొక చోట బ్రదుకు సాగించును.

దీనికి మూలము ఆహారము. పెద్ద ఎమిగ్రెంటు రేల, సీమ తంగేడు మొదలగు చెట్ల లేత చిగుళ్లపై గ్రుడ్లు పెట్టును. మాటిల్డ్ ఎమిగ్రెంటునకు తంగేడు, కసివింద, తగిరిస వంటి మొక్కలు ప్రీతి. ఒక్కొక్క గ్రుడ్డు ఒక్కొక్కటిగా, వడ్లగింజ కంటెను చిన్నదిగా, తెల్లగా, నిలువుగా నిలిచియుండును. మూడు నాలుగు దినములలో పురుగు వెలువడును. ఆకుపచ్చని ఆ పురుగు ప్రక్కల వెంట లేత రంగు చార యుండును. అది రెండు వారముల వరకు ఆకు తిని, ఆకు అడుగున సన్నని పట్టు దారముతో నడుమును కట్టుకొని గూడుగా మారును. పిదప సుమారు వారమునకు సీతాకోకచిలుక బయల్వెడలును. ఈ విధముగా మూడు నాలుగు వారములకు ఒక తరము ముగియును.

వానలకు చిగుళ్లు దండిగా వచ్చినపుడు ఒకటి రెండు తరములలోనే వీని సంఖ్య మిక్కిలి పెరుగును. పెరిగిన సంఖ్యకు లేత ఆకు చాలదు. మిగిలిన ఆకు ముదిరిపోవును. ముదురాకును చిన్న పురుగు తినజాలదు. అప్పుడు ఆ చోటు విడిచి క్రొత్త చిగుళ్లను వెదకుచు సాగుటయే వానికి గతి. కరవు వచ్చినపుడు మేత వెదకుచు మందలతో పోవు కాపరుల కథ మన సీమలకు క్రొత్త గాదు; ఇదియు అట్టిదే.

ఇంగ్లండు దేశస్థుడగు సి. బి. విలియమ్స్ అను కీటకశాస్త్రజ్ఞుడు సీతాకోకచిలుకల వలసలపై 1930లో ఒక గ్రంథమును ప్రకటించెను. వలసపోవు సీతాకోకచిలుక తన త్రోవలో ఇల్లుగాని చెట్టుగాని అడ్డము వచ్చిన, ప్రక్కకు తిరుగక, దానిపై నుండి ఎగిరి తిరిగి తన దిక్కుననే సాగునని అట్టి పరిశీలకులు గుర్తించిరి. మన పెరటిలో కనబడునది వలసయా, తేనెకై తిరుగులాటయా యని తెలిసికొనుటకు ఇదియే సులభమగు పరీక్ష. ఇంటి గోడ వద్దకు వచ్చినది చుట్టు తిరిగి పూలపై వాలిన, అది తిరుగులాట. గోడ దాటి, కప్పు దాటి, అదే దిక్కునకు పోయిన, అది ప్రయాణము.

అమెరికా ఆగ్నేయ భాగమున ఫీబిస్ సెన్నే అను మరియొక పసుపు సీతాకోకచిలుక శరత్కాలమున ఫ్లారిడా వైపు గుంపులుగా పోవును. దాని పురుగు తినునదియు తంగేడు జాతి మొక్కలనే. భూగోళమునకు రెండు వైపులను ఉన్న చుట్టములు ఒకే కుటుంబపు చెట్టును ఆశ్రయించి బ్రదుకుట చూడగా ఆశ్చర్యము కలుగును.

పైరునకు హాని కలదా?

ఇది రైతునకు ముఖ్యమగు ప్రశ్న. వరి, పత్తి, మిరప, కంది, వేరుసెనగ మొదలగు పైరులను ఈ ఎమిగ్రెంట్లు తినవు. ఆడ సీతాకోకచిలుక ఆకుపై వాలి, ముందు కాళ్లతో తట్టి, ఆ కాళ్లతోనే రుచి చూచి, తన సంతతికి తగిన ఆకైననే గ్రుడ్డు పెట్టును. తంగేడు రుచి లేని ఆకు దానికి పనికిరాదు. పెద్దదైన సీతాకోకచిలుక ఆకు తిననే తినదు. నాళము వంటి నోటితో తేనెను మాత్రము పీల్చును. మన పైరులకు గొప్ప చేటు కలిగించు శనగపచ్చ పురుగు, లద్దె పురుగు, గులాబీరంగు కాయతొలుచు పురుగు, వరి కాండము తొలుచు పురుగు అనునవి రాత్రివేళ తిరుగు రెక్కల పురుగుల సంతతి. పగటివేళ ఎగురు ఈ పసుపు ప్రయాణికులకును వానికిని సంబంధము లేదు.

అయినను సత్యమును పూర్తిగా చెప్పవలెను. సునాముఖిని పంటగా వేయు రైతునకు మాటిల్డ్ ఎమిగ్రెంటు పురుగు శత్రువే. ఏలయన సునాముఖియు తంగేడు జాతిదే. రేల నారుమడిలో లేత మొక్కల ఆకును పురుగులు పూర్తిగా తినివేయుటయు కలదు. ఎదిగిన చెట్టు మాత్రము తిరిగి చిగుర్చును. గ్రాస్ యెల్లో పురుగు జీలుగు, అవిసె వంటి వానిపై కనబడవచ్చును. ఇక నిమ్మ, బత్తాయి తోటలు గలవారు వేరొక సీతాకోకచిలుకను గుర్తింపవలెను. నల్లని రెక్కలపై లేత పసుపు మచ్చలు గల అది నిమ్మ సీతాకోకచిలుక. దాని పిల్ల పురుగు మొదట పక్షి రెట్టవలె కనబడి, ఎదిగిన పిదప పచ్చనగును. నిమ్మ నారును, కరివేపాకును తినును. పేరున పసుపు ఉన్నంత మాత్రమున రెంటిని ఒకటిగా తలంపరాదు. ఒక మంచి ఫొటో ఈ భేదమును నిమిషములో తేల్చగలదు.

మరియొక సంగతి. గట్ల మీది తంగేడును, కసివిందను ‘పిచ్చి మొక్కలు’ అని కలుపు మందుతో మాడ్చివేయుట నేడు పెరిగినది. వెనుకటివారు తంగేడు రొట్టను వరిమళ్లలో త్రొక్కించి ఎరువుగా వాడిరి. దాని పట్ట తోళ్లను పదును చేయుటకు పనికివచ్చెను. దాని పూవు లేనిదే బతుకమ్మ పేర్చుట లేదు. 2014లో తెలంగాణమునకు తంగేడు రాష్ట్ర పుష్పమైనది. ఇట్టి మొక్కలపై సీతాకోకచిలుకలు పెట్టు గ్రుడ్లపై ట్రైకోగ్రామా వంటి సూక్ష్మమైన కందిరీగలు బ్రదుకగలవు. ఆ జాతి కందిరీగలనే చెరకు, వరి పైరులలో పురుగుల గ్రుడ్లను నశింపజేయుటకు కార్డులకు అంటించి విడుచుచున్నారు. డబ్బిచ్చి కొను మిత్రునకు గట్టు మీద ఊరకయే నీడ దొరకుచుండగా, దానిని మాడ్చుట గృహస్థునకు తగదు.

రెక్కలలోని పసుపు

ఈ పసుపు వన్నెకు ఒక చరిత్ర కలదు. అందు తెలుగువాని పేరు చేరియున్నది. ఈ కుటుంబపు సీతాకోకచిలుకల రెక్కలకు వన్నె నిచ్చు పదార్థములను టెరిన్లు అందురు. రెక్క యను అర్థము గల గ్రీకు మాట నుండి ఆ పేరు పుట్టినది. 1929లో నోబెల్ బహుమానము పొందిన గౌలండ్ హాప్కిన్స్ తన తొలినాళ్లలో, 19వ శతాబ్దపు చివర, ఈ రెక్కల రంగునే పరిశోధించెను. తరువాత, భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమున నడిపిన బృందము 1945–46 ప్రాంతమున ఫోలిక్ ఆమ్లమును తయారుచేసి, దాని నిర్మాణమును తేల్చినపుడు, అందు ఒక భాగము టెరినే యని తెలిసినది. నేడు గర్భిణీ స్త్రీల కిచ్చు ఫోలిక్ ఆమ్లపు మాత్రకును, మన పెరటి సీతాకోకచిలుక రెక్కకును ఇట్టి చుట్టరికము కలదు.

తోటను సిద్ధపరచుట

వలసపోవు దానిని వెంటాడి ఫొటో తీయుట వృథా శ్రమ. అది మన యొద్ద ఆగునట్లు చేసికొనవలెను. అందులకు మూడు ఏర్పాట్లు చాలును.

మొదటిది తేనె. మందారము, నూరు వరహాలు, జినియా వంటి పూల మొక్కలను ఎండ తగులు చోట గుంపుగా నాటవలెను. ఒక్కొక్క మొక్క దూరదూరముగా నున్న కంటె పది మొక్కలు ఒక చోట నున్న వాని కంటబడును.

రెండవది చెమ్మ. బోరు కాలువ వెంటను, పశువుల శాల వద్ద తడిసిన నేల మీదను ఇవి పదులకొద్ది గుంపుగా వాలి నీరు పీల్చుట చూచియుందురు. వానిలో మగవియే హెచ్చు; నేలలోని ఉప్పు కొరకు అవి వచ్చును. వెడల్పాటి మూకుడులో ఇసుక పోసి, చిటికెడు ఉప్పు, కొంచెము బూడిద కలిపి, నిత్యము తడుపుచుండిన చాలును.

మూడవది గ్రుడ్లు పెట్టు చెట్టు. దడి వెంట రెండు తంగేడు మొక్కలు, వీలైన ఒక రేల చెట్టు ఉంచవలెను. రేల నీడ నిచ్చును. వేసవిలో బంగారు గుత్తులతో కంటికి పండుగ చేయును.

ఫొటో తీయు విధము

ఉదయము చల్లని వేళ సీతాకోకచిలుక ఎగురజాలదు. ఎండకు ఒడలు వెచ్చబడవలెను. కావున సూర్యోదయమైన తరువాతి గంట ఫొటోకు మేలైన సమయము. ఆకుల అడుగున రాత్రి గడపినది అప్పటికి కదలక యుండును. తొమ్మిది, పది గంటల పిమ్మట వలస గుంపులను చూడవచ్చును.

దగ్గరకు పోవునపుడు మన నీడ దానిపై పడరాదు. సూర్యుడు మన వెనుకగాని ప్రక్కగాని ఉండునట్లు, వంగి, మెల్లగా అడుగు వేయవలెను. ముందు రెండు మూడు గజముల దూరమున నొక ఫొటో తీసికొని, పిదప చేరువకు జరుగవలెను. దగ్గరి ఫొటోకై పోగా అది లేచిపోయినను, మొదటి ఫొటో మన చేత మిగులును. ఫోనులో ‘జూమ్’ను లాగుట కంటె, దూరముగా తీసి, పిమ్మట కత్తిరించుకొనుట మేలు.

ఎమిగ్రెంట్లు వాలినపుడు రెక్కలు మూసికొనును. కావున రెక్క అడుగు భాగమే మనకు దొరకు చిత్రము. గుర్తుపట్టుటకును అదియే చాలును. ఫోనును రెక్కకు ఎదురుగా, రెక్క వాలుకు సరిసమానముగా పట్టినచో, రెక్క అంతయు స్పష్టముగా వచ్చును. వాలుగా పట్టిన ఒక అంచు మసకబారును.

పసుపు, తెలుపు రంగులు ఎండలో మెరసి, ఫొటోలో గీతలన్నియు కరగి, తెల్లని మచ్చగా మారుట సామాన్యమైన లోపము. తెరపై రెక్క మీద వ్రేలుంచి, వెలుతురును కొంత తగ్గించిన గీతలు నిలుచును.

ఎగురు దానిని పట్టుటకు వేగము కావలెను. వేగమును అమర్చుకొనదగిన కెమేరా యున్న సెకనులో 2000వ వంతు పెట్టవలెను. ఫోను మాత్రమే యున్నవారు మెల్లగా చూపు వీడియోను తీసి, అందుండి ఒక బొమ్మ నేరుకొనవచ్చును. ఆకాశము వెనుకనున్న సీతాకోకచిలుక నల్లగా కనబడును. చిక్కని పచ్చని చెట్టు వెనుకనున్న పసుపు వన్నె దీపమువలె వెలుగును. కాబట్టి మామిడి చెట్టు ఎదురుగా నుండునట్లు నిలువవలెను.

రెక్కలు పట్టుకొనుట, మంచుపెట్టెలో పెట్టి చలికి కదలకుండ జేసి ఫొటో తీయుట తగని పనులు. రెక్క మీది పొడి రాలిన మరల రాదు. ఫొటో కొరకు ప్రాణి చెడరాదు.

లెక్క వ్రాయుట

అందమైన ఫొటో కంటె తేదీ, వేళ, చోటు గల ఫొటో విలువైనది. ఫోనులోని గడియారము సరిగా నుండి, చోటును నమోదుచేయు ఏర్పాటు తెరచియున్నచో ఈ మూడును తామే నమోదగును. తీసినవానిని తుడిచివేయక, ఒక చోట దాచవలెను. దానితో బాటు, వలస కనబడిన దినమున నోటు పుస్తకములో ఈ సంగతులు వ్రాయవలెను: ఏ దిక్కు నుండి ఏ దిక్కునకు పోవుచున్నవి, గాలి ఏ దిక్కున వీచుచున్నది, ఎండయా మబ్బా, ముందు వాన ఎప్పుడు పడినది.

ఇక ఎన్ని పోయినవో తెలిసికొనుటకు వారి ప్రయాణ మార్గమునకు అడ్డముగా రెండు గుర్తులు, అనగా ఒక చెట్టును, ఒక గుంజను, ఏర్పరచుకొని, వాని నడుమ దాటిన వానిని అయిదు నిమిషములు లెక్కింపవలెను. రెండు గుర్తుల నడుమ దూరము 10 మీటర్లనియు, అయిదు నిమిషములలో 40 దాటెననియు అనుకొందము. గంటకు 480, 100 మీటర్ల వెడల్పున గంటకు 4800 అగును. కన్ను తడబడిన, ఫోనును స్థిరముగా నిలిపి వీడియో తీసి, తీరికగా లెక్కింపవచ్చును.

సంఘము చేయదగిన పని

ఒకరి పెరటిలోని ఫొటో ఒకరి వేడుక. పది గ్రామములలో ఒకే వారమున తీసిన ఫొటోలు ఒక చోట చేరిన, వలస ఏ త్రోవన ఎంత దూరము సాగెనో తెలియును. ఇది ఒంటరిగా సాధింపరానిది, కూడి సాధింపదగినది. సహకారమునకు ఇంతకంటె సులభమగు పాఠము లేదు. 2020 నుండి ప్రతి సంవత్సరమును సెప్టెంబరు నెలలో మన దేశమున ‘బిగ్ బటర్‌ఫ్లై మంత్’ పేరున సీతాకోకచిలుకల లెక్క జరుగుచున్నది. ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్, ఐనాచురలిస్ట్ అను వేదికలకు ఫొటోను పంపిన, తెలిసినవారు దాని పేరు చెప్పి సాయపడుదురు. చదువుకొను పిల్లలకు ఈ పని నప్పగింపుడు. వారు మనకంటె చురుకుగా చేయుదురు.

సంఘ కార్యాలయమున ఒక గోడను ఇందులకు కేటాయింపవచ్చును. ఒక ప్రక్క హాని చేయని పురుగుల ఫొటోలు, రెండవ ప్రక్క హాని చేయువానివి, క్రింద ఏ ఆకుపై, ఏ తేదీన దొరకినదో వ్రాసి అంటించిన, మందు కొనుటకు వచ్చిన సభ్యుడు ముందుగా ఆ గోడను చూచును. తన ఫోనులోని పురుగును ఆ బొమ్మలతో పోల్చును. పోల్చిన పిదప మందు అవసరమైన కొనును. అవసరము లేనిచో ఆ డబ్బు వాని యింటనే నిలుచును. ఆ విధముగా మిగిలిన డబ్బు సభ్యునకు లాభము; చల్లని మందు తేనెటీగకు లాభము, బావి నీటికి లాభము.

సోదరులారా! తంగేడు చిగిర్చు దినములు ఏటేట వచ్చును. ఈసారి పసుపు రెక్కలు దడి దాటునపుడు, పిచికారీ యంత్రము కంటె ముందు ఫోను చేతికి రావలెను. గట్టు మీద రెండు తంగేడు పొదలను ఉండనిండు. తీసిన ఫొటోను తేదీతో సహా సంఘమునకు పంపుడు.